నోటిఫికేషన్ పడ్డాక చూద్దాం అనుకునేవాళ్లకు మార్లవాయి చరిత్ర



మేడ్చల్, శామీర్‌పేట దిక్కు రూముల్లో ఉండి చదువుకుంటున్న మనవాళ్ల దగ్గర మూడు మాటలు తరచుగా వినబడతాయి. "ఇంటర్ అయినంక చూద్దాం." "నోటిఫికేషన్ పడ్డాక షురూ చేద్దాం." "కోచింగ్‌కు పైసలు జమైతే అప్పుడు చదువుదాం." తెలివి లేక ఎవరూ ఇట్లా అనరు. అన్నీ కుదిరినాకనే పని మొదలుపెట్టాలనే ఆలోచన మనకు గట్టిగా పట్టుకుంది. అన్నీ కుదిరేదాకా ఆగి ఉంటే మన పెద్దలు ఏం పోగొట్టుకునేవాళ్లో ఒకసారి చూద్దాం.

మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబర్ జాతీయ రహదారి కామారెడ్డి, నిర్మల్ దాటి ఆదిలాబాద్ చేరుతుంది. ఆ ఉమ్మడి జిల్లాలోనే, ఇప్పటి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో మార్లవాయి అనే గోండు గూడెం ఉంది. 1940లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీంను నిజాం పోలీసులు చంపేశారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోక తప్పని పరిస్థితి సర్కారుకు వచ్చింది. ఆ తర్వాత ఈ ప్రాంతానికి వచ్చిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలోనే ఉండి గోండుల జీవితాన్ని దగ్గరగా చూశారు.

1943లో అక్కడ గోండుల చదువు కోసం పథకం మొదలైంది. అప్పటికి గోండుల్లో అక్షరం ముక్క వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. గోండీలో బడి పుస్తకాలు లేవు. బయటి టీచర్లకు గోండీ రాదు. టీచర్లు దొరికినాక చూద్దాం, పుస్తకాలు అచ్చయినాక చూద్దాం అనుకుని ఉంటే ఇంకో తరం చదువు లేకుండానే పోయేది. అందుకే కొద్దోగొప్పో మరాఠీ తెలిసిన గోండు యువకులనే పోగుచేసి మార్లవాయిలో టీచర్ శిక్షణ ఇచ్చారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేసుకున్నారు. శిక్షణ అయినవాళ్లు గూడేలకు పోయి బడులు నడిపారు. టీచర్లతో పాటు పట్వారీలు, ఫారెస్టు గార్డులుగా కూడా గోండులు తయారయ్యారు. ఉన్నకాడికి ఉన్నదాంతో మొదలుపెడితేనే ఇదంతా జరిగింది.

లంబాడాల చరిత్రలో ఆలస్యం ఇంకో తీరుగా ఉంది. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసి దక్కన్ అంతా తిరిగిన జాతి అది. రైళ్లు వచ్చి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. మేడ్చల్ మీదుగా మన్మాడ్ పోయే లైను కూడా 1900 ప్రాంతంలో వచ్చిందే. తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలోకి ఎక్కింది మాత్రం 1976 చట్టంతో. ఇంత ఆలస్యం మన చేతుల్లో జరగలేదు. దీనికి మన వాయిదా కూడా తోడైతే నష్టం రెండింతలు.

వాయిదాకు లెక్క ఎట్లా ఉంటుందో గ్రూప్-1లో చూడొచ్చు. 2022 అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకుతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిందీ రద్దయింది. విసుగొచ్చి పుస్తకాలు మూసినవాళ్లను తప్పుపట్టలేం. కానీ కొత్త నోటిఫికేషన్ 2024 ఫిబ్రవరి 19న పడింది, ప్రిలిమ్స్ జూన్ 9న జరిగింది. నడుమ నాలుగు నెలలు కూడా లేవు. చదువు ఆపనివాళ్లకు అది రివిజన్ టైమ్. నోటిఫికేషన్ పడ్డాక షురూ చేసినవాళ్లకు సిలబస్ ఒకసారి తిరగేయడానికి కూడా చాలదు.

1998లో ఏర్పడ్డ నల్సార్ లా యూనివర్సిటీ మన శామీర్‌పేటలోనే ఉంది. ఎస్టీలకు సీట్లున్నాయి, క్లాట్ రాయడానికి వయసు అడ్డు లేదు. అయితే ఈమధ్య క్లాట్ డిసెంబరులో జరుగుతోంది. ఇంటర్ సెకండియర్ చదువుతూనే రాయాలి. మార్చిలో ఇంటర్ పరీక్షలు అయినంక చూద్దాం అనుకుంటే ఆ ఏడాది అప్పటికే పోయినట్టు. గేటు ముందు నుంచి రోజూ బస్సులో పోయే పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పేవాళ్లు కావాలి.

వయసైపోయింది అనుకునే అన్నలు, అక్కలు సీతక్కను చూడాలి. ములుగు ప్రాంతపు కోయ బిడ్డ. చిన్న వయసులోనే నక్సల్ ఉద్యమంలోకి పోయారు. 1990ల్లో బయటికొచ్చి లా చదివి లాయరయ్యారు. 2004లో ఓడారు, 2009లో గెలిచారు, 2014లో ఓడారు, 2018లో మళ్లీ గెలిచారు. ఎమ్మెల్యేగా ఉంటూనే గొత్తికోయల జీవితం మీద పరిశోధన పూర్తిచేసి 2022లో ఉస్మానియా నుంచి పీహెచ్‌డీ అందుకున్నారు. అప్పటికి ఆమెకు 51 ఏళ్లు. తీరిక దొరికినాక చదువుదాం అనుకుంటే ఆ పీహెచ్‌డీ వచ్చేదేనా?

సివిల్స్‌లో మనకు 37 ఏళ్ల దాకా అవకాశం ఉంది, ఎన్నిసార్లు రాసినా లెక్క లేదు. ఆ సడలింపు వెనకబడ్డ దూరాన్ని దాటడానికి ఇచ్చింది. ఇంకా టైముంది అని కూర్చుంటే అదే మనల్ని ముంచుతుంది.

కాబట్టి ఈ వారం మూడు పనులు చేయండి. కుల, ఆదాయ సర్టిఫికెట్లకు మీసేవలో అప్లై చేసి పెట్టుకోండి, ఆఖరు రోజు ఉరుకులాట ఉండదు. మీరు రాయాలనుకున్న పరీక్ష పోయినసారి ఏ నెలలో జరిగిందో చూసి, అక్కడి నుంచి వెనక్కి నెలలు లెక్కపెట్టండి. రోజూ గంటసేపు, రూములో ఉన్న పుస్తకంతోనే, ఇయ్యాలటి సంది మొదలుపెట్టండి. ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే డిసెంబరు సంగతి ముందు వాళ్లకు చెప్పండి.