మడత నిచ్చెన: వాడకం, సంరక్షణ

మడత నిచ్చెనకు గోడ ఆసరా అక్కర్లేదు. తన కాళ్ల మీద తానే నిలబడుతుంది, పనయ్యాక మడిచి చంకన పెట్టుకుపోవచ్చు. దుకాణాల్లో స్టెప్ లాడర్ అని అడిగితే ఇస్తారు. పండక్కి ముందు బూజు దులపాలన్నా, ఫ్యాను రెక్కలు తుడవాలన్నా, అటక మీది సామాను దించాలన్నా తెలుగువారి ఇళ్లలో ఇదే బయటికొస్తుంది. ఎలక్ట్రీషియన్లకూ పెయింటర్లకూ ఇది రోజువారీ పనిముట్టు. ఎత్తు తక్కువే కదా అని దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. కానీ రెండు మీటర్ల ఎత్తు నుంచి గచ్చు మీద పడినా తల పగలవచ్చు, తుంటి ఎముక విరగవచ్చు. వయసు పైబడినవారికి తుంటి విరిగితే కోలుకోవడానికి నెలలు పడుతుంది.

చరిత్ర

మడిచే మెట్లు మొదట ఎవరి చేతిలో రూపుదిద్దుకున్నాయన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. ఎక్కువ ప్రచారంలో ఉన్న కథనం అమెరికాలోని డేటన్ పట్టణానికి చెందిన జాన్ బాల్స్‌లీని ఆద్యుడిగా చెబుతుంది. ఆయన పేటెంటు తేదీ 1862 జనవరి 7. అయితే అంతకు చాలా ముందే, 1774లో, ఇంగ్లండులో రాబర్ట్ క్యాంప్‌బెల్ అనే చెక్కసామాను తయారీదారు గ్రంథాలయపు మెట్లకు పేటెంటు పొందాడు. పై అరల్లోని పుస్తకాలు తీశాక ఆ మెట్లు బల్లలోకి మడుచుకుపోయేవి. అందువల్ల బాల్స్‌లీని ఆవిష్కర్త అనడం కంటే, అప్పటికే ఉన్న వస్తువును మెరుగుపరిచినవాడు అనడం సబబుగా తోస్తుంది. గుండ్రటి కమ్మీల స్థానంలో పాదం ఆనే చదును మెట్లు అమర్చడం ఆయన చలవేనంటారు.

నిర్మాణం, నిలకడ

నిచ్చెనలో ముందు చట్రానికి మెట్లుంటాయి, వెనక చట్రం దాన్ని నిలబెడుతుంది. పైన కీలు రెంటినీ కలుపుతుంది. మధ్యలోని లాక్ పట్టీలు చట్రాలు విడిపోకుండా, దగ్గరికి జారకుండా పట్టి ఉంచుతాయి. కాళ్లకు రబ్బరు బుష్‌లు ఉంటాయి. రెండువైపులా ఎక్కే రకాలను మినహాయిస్తే, వెనక చట్రంలోని అడ్డ కమ్మీలు బిగువు కోసమే తప్ప ఎక్కడానికి కావు.

తెరిచిన నిచ్చెన నాలుగు కాళ్లనూ కలుపుతూ సుద్దముక్కతో గీత గీస్తే ఒక దీర్ఘచతురస్రం వస్తుంది. మనిషి బరువూ చేతిలోని సామాను బరువూ కలిసి ఆ గీతల లోపలికి దిగినంతసేపు నిచ్చెన నిలుస్తుంది. సాధారణ ఇంటి నిచ్చెనలో ఈ దీర్ఘచతురస్రం ముందువెనకలుగా పొడవుగా, అడ్డంగా ఇరుకుగా ఉంటుంది. అందుకే అది పక్కకు తేలిగ్గా ఒరుగుతుంది. పైకెక్కేకొద్దీ పక్కనుంచి తగిలే కొద్దిపాటి తోపుకూ బలం పెరుగుతుంది. భద్రతా సూచనల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

గోడకు డ్రిల్లింగ్ చేయడమే చూడండి. నిచ్చెనను గోడకు పక్కవాటుగా వేసి, నడుము తిప్పి డ్రిల్లు నెడితే, గోడ తిరిగి నెట్టే బలమంతా ఇరుకు వైపునే పడుతుంది. వెనక చట్రం గోడవైపు ఉండేలా వేసి ఎదురుగా నిలబడితే అదే బలం పొడవు వైపున పడుతుంది. చేయి చాచి అందుకునే పనిలోనూ ఇంతే. బొడ్డు రెండు నిలువు కమ్మీల మధ్య నుంచి బయటికి పోకూడదన్నది పనివాళ్లకు నేర్పే కొలత. అందకపోతే దిగి నిచ్చెనను జరపాలి.

వాడకం

నాలుగు కాళ్లూ సమతలం మీద ఆనాలి. ఒక కాలి కింద ఇటుక ముక్కో అట్టముక్కో దోపి ఎత్తు సరిచేయడం మానుకోవాలి. తడి టైల్స్ మీద రబ్బరు బుష్‌లకూ పట్టు తగ్గుతుంది. తలుపు ఎదుట వేయాల్సి వస్తే ముందు ఆ తలుపుకు గడియ పెట్టాలి. మడిచిన నిచ్చెనను గోడకు ఆనించి ఎక్కకూడదు. తెరిచి నిలబెట్టేందుకు మలచిన కాళ్లు అప్పుడు నేలకు పూర్తిగా ఆనవు, జారతాయి.

ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ముఖం నిచ్చెనవైపే ఉండాలి. రెండు చేతులూ ఒక పాదమో, రెండు పాదాలూ ఒక చేయో ఎప్పుడూ నిచ్చెనను అంటి ఉండాలి. పనిముట్లను నడుము సంచిలో పెట్టుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి.

ఎంత ఎత్తు వరకు నిలబడవచ్చన్న దానిపై మార్గదర్శకాలు ఏకీభవించవు. అమెరికా నియమాలు అన్నిటికన్నా పైనున్న పలకనూ దాని కింది మెట్టునూ నిషేధిస్తాయి. బ్రిటన్ ఆరోగ్య భద్రతా విభాగం, చేత్తో పట్టుకోవడానికి తగిన ఆధారం లేనప్పుడు పై మూడు మెట్లనూ వదిలేయమంటుంది. ఇళ్లలో వాడే నిచ్చెనల్లో చాలావాటికి పైన పిడి ఉండదు కాబట్టి రెండో సూచనే క్షేమం. అదే విభాగం ఒకేచోట ఒక విడతకు 30 నిమిషాలకు మించి పని వద్దనీ, చేతిలో మోసే బరువు సుమారు 10 కిలోల లోపే ఉండాలనీ చెబుతుంది. 10 లీటర్ల ఎమల్షన్ బకెట్టు నిండుగా ఉంటే ఆ హద్దు దాటుతుంది. చిన్న డబ్బాలోకి కొంచెం కొంచెంగా ఒంపుకోవాలి.

అల్యూమినియం నిచ్చెనలో విద్యుత్తు తేలిగ్గా ప్రవహిస్తుంది. ఫ్యాను, లైటు పనులకు మెయిన్ ఆపాలి. ఆరుబయట స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు ఎటుందో చూసుకున్నాకే నిచ్చెన ఎత్తాలి. కరెంటు పనికి ఫైబర్‌గ్లాస్ నిచ్చెన మేలు, అదీ శుభ్రంగా, పొడిగా ఉన్నప్పుడే.

ప్రమాణాలు

భారత ప్రమాణాల్లో ఐఎస్ 3696 రెండో భాగం నిచ్చెనల భద్రతకు సంబంధించినది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 131 గరిష్ఠ భారాన్ని 150 కిలోలుగా పెట్టింది. అమెరికా వర్గీకరణలో అన్నిటికన్నా తేలికరకం సుమారు 90 కిలోలు, బరువైన రకం సుమారు 170 కిలోలు మోస్తుంది. మన బజారులో దొరికే సరుకు మీద లేబుళ్లు ఒక్క తీరున ఉండవు. లేబుల్ మీది అంకెలో మనిషి బరువుతో పాటు దుస్తులు, పనిముట్లు, సామాను బరువు కూడా కలుస్తుందన్న సంగతి చాలామంది మరిచిపోతారు.

సంరక్షణ

ఎక్కేముందు చూపు పైనుంచి కిందికి సాగాలి. కీలు దగ్గర రివెట్లు కదులుతున్నాయా, లాక్ పట్టీలు రెండూ పూర్తిగా దిగుతున్నాయా, మెట్టు నిలువు కమ్మీతో కలిసేచోట సన్నని పగులు ఉందా అన్నవి ముఖ్యం. బుష్‌ను వేలితో తిప్పి చూడాలి. అరిగిన బుష్ లోంచి లోహపు అంచు బయటపడితే అది గచ్చు మీద జారుతుంది. మెట్ల మీద పడిన పెయింటు, నూనె, బురద వెంటనే తుడవాలి. కీళ్లకు నూనె చుక్క వేస్తే మెట్ల మీదికి కారకుండా చూడాలి.

లోహమా, చెక్కా, ఫైబర్‌గ్లాసా అన్నదాన్ని బట్టి జాగ్రత్తలు మారతాయి. వంగిన అల్యూమినియం కమ్మీని సుత్తితో కొట్టి సరిచేస్తే చూపుకు బాగుంటుంది కానీ వంగినచోట బలం తిరిగిరాదు. చెక్క నిచ్చెనకు రంగు వేయకూడదు. పగుళ్లూ పుచ్చూ రంగు కింద దాగిపోతాయి కాబట్టి లోపల కనిపించే వార్నిషే వేయాలి. ఫైబర్‌గ్లాస్‌ను ఏళ్ల తరబడి ఎండలో వదిలేస్తే పైపూత పోయి సన్నని పోగులు పైకి తేలి అరచేతుల్లో గుచ్చుకుంటాయి. మూడింటినీ నీడలో, పొడిచోట, పిల్లలు ఎక్కడానికి వీల్లేకుండా మడిచి పెట్టాలి.

లోపం బయటపడిన నిచ్చెనకు తాడు చుట్టో తీగ బిగించో వాడకూడదు. తయారీదారు విడిభాగాలతో బాగుపడేది కాకపోతే పక్కన పడేయాలి. పాత ఇనప సామాన్లకు అమ్మేముందు నిలువు కమ్మీలను రంపంతో కోయించాలి. అలాగే అమ్మితే దాన్ని కొన్నవారెవరో మళ్లీ ఎక్కే ప్రమాదం ఉంది.