ఎముక స్ఫటికంలో పరాయి అయాన్లు

1920లో న్యూయార్క్ శస్త్రవైద్యుడు ఫ్రెడ్ ఆల్బీ కుందేళ్ల విరిగిన ఎముకల సందుల్లోకి ట్రైకాల్షియం ఫాస్ఫేట్ ఎక్కించి, ఎముక త్వరగా అతుక్కుంటోందని ప్రకటించాడు. అంతకు 28 ఏళ్ల ముందే జర్మనీలో డ్రీస్మాన్ అనే వైద్యుడు ఎముకల్లోని గుంతలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పూడ్చి చూశాడు. రోగి తుంటి ఎముక నుంచే ముక్క తీసి పెట్టడం అప్పటికీ ఇప్పటికీ నమ్మకమైన పద్ధతే. కానీ దానికి రెండో కోత పెట్టాలి, రెండో నొప్పి భరించాలి. పైగా అక్కడ దొరికే ఎముక కూడా కొంచెమే. కృత్రిమ పూరకం కోసం వెతుకులాట మొదలైంది ఈ అవసరంలోంచే.

1926లో డి యాంగ్ అనే శాస్త్రవేత్త ఎక్స్-రేలతో పరీక్షించి, ఎముకలోని ఖనిజం అపటైట్ అనే రాతి ఖనిజాన్ని పోలి ఉందని చూపాడు. 1970లలో జపాన్‌లో హిదెకి అయోకి, అమెరికాలో మైకేల్ జార్కో, నెదర్లాండ్స్‌లో క్లాస్ డి గ్రూట్ దాదాపు ఒకే కాలంలో ఆ కుటుంబానికే చెందిన హైడ్రాక్సీఅపటైట్‌ను గట్టి సిరామిక్‌గా కాల్చి తీశారు. శరీరం దాన్ని తిప్పికొట్టలేదు. అయితే అది కరగనూ లేదు. పెట్టిన చోటే ఏళ్ల తరబడి ఉండిపోయింది. అసలు ఎముక ఖనిజం అంత శుద్ధమైనది కాదు. అందులో బరువు లెక్కన 4 నుంచి 8 శాతం కార్బోనేట్ ఉంటుంది, ఒక శాతం లోపు సోడియం, మెగ్నీషియం ఉంటాయి, లేశమాత్రంగా జింక్, స్ట్రాన్షియం కూడా ఉంటాయి. రసాయనికంగా శుద్ధి చేసిన కొద్దీ సిరామిక్ ఎముకకు దూరమైందన్న మాట.

ఈ స్ఫటికం పరాయి అయాన్లకు తలుపు తీస్తుందని లోకానికి ముందుగా తెలిసింది వైద్యం వల్ల కాదు, కీడు వల్ల. ఆ చరిత్రలో తెలుగు నేలకూ చోటుంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా పొదిలి ప్రాంతంలో నడుములు బిగుసుకుపోయిన మనుషులను షార్ట్ అనే వైద్యుడి బృందం పరీక్షించి, 1937లో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధిని వర్ణించింది. నీటిలోని ఫ్లోరైడ్ స్ఫటికంలో హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఈ బాధ తెలిసిన నల్లగొండ పాఠకులకు ఇంతకు మించి చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ జింక్, స్ట్రాన్షియంలా లోహం కాదు కానీ స్ఫటికంలో చోటు ఆక్రమించే సూత్రం అదే. అణుపరీక్షల ధూళిలోని స్ట్రాన్షియం-90 కూడా పిల్లల ఒంట్లో కాల్షియం దారినే పట్టింది. 1958లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మొదలైన సర్వే దాదాపు 3 లక్షల పాలపళ్లు సేకరించి ఆ సంగతి నిరూపించింది.

అణుధార్మికత లేని మామూలు స్ట్రాన్షియం కథ వేరు. 1952లోనే షోర్, కార్టర్ అనే పరిశోధకులు దాన్ని ఎముకల బలానికి మందుగా సూచించారు. అర్ధ శతాబ్దం తర్వాత, 2004లో, స్ట్రాన్షియం రానెలేట్ ఐరోపా మార్కెట్లోకి వచ్చింది. 1,649 మంది మహిళలపై మూడేళ్లు జరిగిన పరీక్షలో వెన్నుపూసల విరుగుళ్లు 41 శాతం తగ్గాయి. తర్వాత గుండెకు ముప్పు బయటపడింది. 2014లో ఆంక్షలు వచ్చాయి, 2017లో తయారీదారే మందును ఆపేశాడు. ఫ్లోరైడ్‌ను మందుగా వాడిన ప్రయోగం ఇంకా తీవ్రమైన హెచ్చరిక. 1990లో వెలువడిన ఒక పరీక్షలో, నాలుగేళ్లు సోడియం ఫ్లోరైడ్ తీసుకున్న మహిళల వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది, కానీ వెన్నుపూసల విరుగుళ్లు చెప్పుకోదగినంత తగ్గలేదు. ఎముక చిక్కబడితే బలపడినట్టే అనుకోవడానికి వీల్లేదు.

మింగిన మందు ఒళ్లంతా తిరుగుతుంది. అదే అయాన్‌ను పూరకంలోనే కలిపితే కావలసిన చోటనే కొంచెం కొంచెంగా విడుదలవుతుంది కదా! ఈ ఆలోచనకు బలం ఒక గాజు నుంచి వచ్చింది. ఫ్లోరిడాలో లారీ హెంచ్ 1969లో చేసిన బయోగ్లాస్ ఎలుక తొడ ఎముకకు ఊడిరానంతగా అతుక్కుపోయింది. 2000 ప్రాంతంలో లండన్ ఇంపీరియల్ కాలేజీలో హెంచ్, జూలియా పోలక్ బృందం మరో మెట్టెక్కింది. ఆ గాజు కరిగి వదిలిన అయాన్లే ఎముకను కట్టే కణాల జన్యువులను కదిలిస్తున్నాయని చూపింది. గాజు ముక్క అక్కడ లేకపోయినా, అది కరిగిన ద్రవం చాలు!

అయాన్లు కలిపే పని చూడటానికి సాదాగానే ఉంటుంది. కాల్షియం నైట్రేట్ ద్రావణంలో కొంత భాగానికి బదులు స్ట్రాన్షియం నైట్రేట్ వేస్తారు. అమ్మోనియాతో క్షారగుణం పెంచి, డైఅమ్మోనియం ఫాస్ఫేట్‌ను బొట్టుబొట్టుగా వదులుతారు. గాజుపాత్రలో పలచటి మజ్జిగలాంటి తెల్లటి అవక్షేపం ఏర్పడుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో కాలుస్తారు. చిక్కంతా అయాన్ల పరిమాణంలో ఉంది. కాల్షియం అయాన్ వ్యాసార్థం ఒక ఆంగ్‌స్ట్రామ్ అయితే స్ట్రాన్షియానిది 1.18, మెగ్నీషియానిది 0.72, జింక్‌ది 0.74. స్ట్రాన్షియం ఎంత కలిపినా స్ఫటికం సాగి చోటిస్తుంది. మెగ్నీషియం కాస్త ఎక్కువైతే కొలిమి వేడికి హైడ్రాక్సీఅపటైట్ విడిపోయి ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌గా మారుతుంది. జింక్‌తో మోతాదే ప్రాణం. జపాన్‌లో అత్సువో ఇతో బృందం ప్రయోగాల్లో తగు పాళ్లలో జింక్ ఎముక పెరుగుదలకు తోడ్పడింది, మితిమీరితే కణాలకే విషమైంది.

అంగడిలో గెలిచినది మాత్రం లోహం కాదు, సిలికాన్. విలియం బాన్‌ఫీల్డ్ బృందం లండన్‌లో రూపొందించిన సిలికేట్ కలిపిన పూరకాన్ని అపాటెక్ సంస్థ అమ్మింది. 2010లో బాక్స్‌టర్ కంపెనీ ఆ సంస్థను 33 కోట్ల డాలర్ల వరకు చెల్లించే ఒప్పందంతో కొనుక్కుంది. అంతకు ముందు సంవత్సరమే స్విస్ శాస్త్రవేత్త మార్క్ బోనర్ ఒక విమర్శ వ్యాసంలో మౌలికమైన ప్రశ్న వేశాడు: ఫలితం మెరుగైంది సరే, దానికి కారణం విడుదలైన సిలికానే అనడానికి రుజువేది? సిలికాన్ కలిపితే స్ఫటికాల పరిమాణం, ఉపరితలం, కరిగే వేగం అన్నీ మారతాయి. ఏది పనిచేసిందో విడదీయడం కష్టం. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో అంతకన్నా విలువైన ప్రశ్న లేదు.

మన దేశంలో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ స్ట్రాన్షియం కలిపిన హైడ్రాక్సీఅపటైట్ గుళికలను ఎముకలు గుల్లబారిన ఎలుకల్లో పరీక్షించింది. అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో సుస్మితా బోస్, అమిత్ బందోపాధ్యాయ్ స్ట్రాన్షియం, మెగ్నీషియం ఆక్సైడ్లు కలిపిన ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌ను త్రీడీ ప్రింటింగ్‌తో అచ్చు వేశారు. రాగి, కోబాల్ట్, వెండి కలిపినవాళ్లూ ఉన్నారు. ఈ సాహిత్యంలో అధిక భాగం కణాలు, ఎలుకలు, కుందేళ్ల దగ్గరే ఆగింది. మనుషుల్లో పోల్చి చూసిన పరీక్షలు అరుదు. కాబట్టి ఏ లోహం పేరుతోనైనా కొత్త పూరకం ఆపరేషన్ గదికి వస్తే వైద్యులు రెండు సంగతులు అడిగి తీరాలి: అందులో ఆ అయాన్ ఎంత ఉంది? ఆ అయాన్ లేని అదే సిరామిక్‌తో పోల్చి చూశారా?