గోబర్ గ్యాస్ ఎవరి పొయ్యికి వచ్చింది?

పొయ్యికీ కులముంది. 1897లోనే బొంబాయి మాతుంగాలోని కుష్ఠు ఆశ్రమంలో మలం నుంచి గ్యాస్ తీసి దీపాలు వెలిగించారు. మన ఊళ్లకు మాత్రం అది గోబర్ గ్యాస్‌గానే వచ్చింది. 1981లో జాతీయ పథకం, సబ్సిడీ అన్నారు. రెండు మూడు పశువులు, గుంత తవ్వే జాగా ఉంటేనే. మాలమాదిగ వాడల్లో అవి ఎందరికున్నాయి? దొర కొట్టంలో పేడ ఎత్తిన మన అమ్మలు కట్టెల పొగలోనే వండారు.

పేడే కానక్కర్లేదని సికింద్రాబాద్‌లో బోయిన్‌పల్లి మార్కెట్ చూపించింది. తార్నాక ఐఐసీటీ పరిజ్ఞానంతో అక్కడ కుళ్లిన కూరగాయలను గాలి చొరని ట్యాంకులో పులియబెడతారు. కరెంటు వస్తుంది, క్యాంటీన్ పొయ్యీ వెలుగుతుంది.

జూబ్లీహిల్స్ హోటళ్ల ఎంగిలీ అలాంటిదే. తడి, పొడి కలిపి పారేస్తే ఆ సంచులు విప్పేది మనవాళ్లే. అక్కడ ప్లాంటు పెడితే మొదటి పైపు ఫిల్మ్‌నగర్ బస్తీకే వేయాలి. జవహర్‌నగర్ డంపు సంగతి వచ్చే భాగంలో.