పంతులుగారి చదువు: నాటి నెల కూటం నుండి నేటి శిక్షణ దాకా

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు డోర్నకల్ అధ్యక్ష మండలానికి మొదటి బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పయిన మొదటి భారతీయులు వారే. ఆనాటి నుండి నూరేళ్ల చరిత్రను తలచుకునేటప్పుడు బిషప్పులను, మిషనరీలను, 1939లో ప్రతిష్ఠ జరిగిన కెథీడ్రల్ దేవాలయాన్ని స్మరించడం న్యాయమే. అయితే ఊరూరికీ పలకా బలపమూ, సువార్తా మోసుకొని వెళ్లిన పల్లె పంతులుగారి పేరు ఏ శిలాఫలకం మీదా కనబడదు. ఆ పంతులుగారు ఊరికి ఏమి నేర్పారో పెద్దలు చెబుతూనే ఉంటారు. ఆయన తాను ఎలా నేర్చుకున్నారన్నది మాత్రం చెప్పేవారు తక్కువ. మాలో చాలామంది బడిపంతుళ్లం, కొందరం పంతుళ్ల బిడ్డలం కనుక ఆ సంగతి ఈ సంచికలో కొంత చెప్పుకోదలిచాము.

మానుకోటలో మొదలు

1903లో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించుకున్నారు. తమ సొమ్ముతో, తమ మనుషులతో సువార్త సేవ చేయాలన్నది వారి సంకల్పం. దాని స్థాపకులలో అజరయ్యగారు ఒకరు. ఆ సొసైటీ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని మానుకోట ప్రాంతం. నేటి మహబూబాబాద్ అదే. 1909లో అజరయ్యగారు స్వయంగా మిషనరీగా డోర్నకల్ చేరుకున్నారు. అప్పటికి వారికి 35 ఏళ్లు, మాతృభాష తమిళం. ఆ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకొని, తెలుగులో ప్రసంగించేవారయ్యారు. మన మండలంలో మొదటి విద్యార్థి మన మొదటి బిషప్పుగారే అనుకుంటే మాకు సంతోషంగా ఉంటుంది.

ఆ కాలంలో తెలుగు చదువుకు ఈ ప్రాంతంలో ఆదరణ లేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వెలసినా అవి పట్టణాల మాట. నిజాం సర్కారు వ్యవహారమంతా ఉర్దూలో నడిచేది. పల్లెల్లో బడులే అరుదు. బడి ఉన్నచోట కూడా మాల, మాదిగ పిల్లలకు ప్రవేశం దుర్లభం. పగలంతా దొర పొలంలో వెట్టిచేసే ఇంటి బిడ్డకు చదువెందుకన్నది నాటి లోకపు మాట. జనగామ, హనుమకొండ ప్రాంతాల్లో బాప్టిస్టు మిషనరీల ముందూ, మానుకోటలో మనవారి ముందూ నిలిచిన ప్రశ్న ఒకటే: ఈ వాడల్లో అక్షరం చెప్పేవారు ఎవరు?

జీతం, పాఠం ఒకేచోట

బయటినుండి అంతమంది చదువుకున్నవారిని తేవడం కానిపని. అందుచేత ఆ వాడల్లో పుట్టి, నాలుగు తరగతులు చదివిన యువకులనే పంతుళ్లుగా ఎన్నుకొన్నారు. పగలు పిల్లలకు బడి, చీకటి పడ్డాక పెద్దలకు రాత్రిబడి, ఆపైన లాంతరు వెలుతురులో సాయంకాల ప్రార్థన. బాప్తిస్మానికి సిద్ధపరచడం, జబ్బు చేసిన వారిని చూడడం, అర్జీలు రాయడం, అన్నీ ఆయనే. ఆయన భార్య ఆడవారికి బోధకురాలు. నాలుగు తరగతుల చదువు ఇన్ని పనులకు ఎలా చాలుతుంది?

చాలదని నాటి పెద్దలకు తెలుసు. పంతులు ఎంత చదివి వచ్చాడన్న దానికంటే, వచ్చాక ఎంత చదువుతున్నాడన్న దాని మీదే వారు దృష్టి పెట్టారు. పంతుళ్లు నెలకొకసారి సెంటరుకు నడిచి వచ్చేవారని, అక్కడ జీతంతో పాటు పాఠం కూడా అందేదని మా పెద్దలు చెప్పగా విన్నాము. రానున్న నెలలో ఊళ్లో చెప్పవలసిన బైబిలు కథ, కంఠస్థం చేయించవలసిన వాక్యం, నేర్పవలసిన కీర్తన ముందుగా పంతులుగారే నేర్చుకోవాలి. తరువాత తోటి పంతుళ్ల ముందు నిలబడి చెప్పి చూపాలి. తప్పులు అక్కడే దిద్దేవారు. ఊళ్లో ఎదురైన చిక్కులు కూడా అక్కడే విప్పుకొనేవారు.

అజరయ్యగారు బాప్తిస్మం, వివాహం మొదలైన విషయాల మీద బోధకులకు పనికివచ్చే చిన్న పుస్తకాలు స్వయంగా రాశారు. డోర్నకల్‌లో దైవశాస్త్ర పాఠశాల, చేతిపనులు నేర్పే బడి నడిపారు. 1920 తరువాత కృష్ణా, గోదావరి ప్రాంతాల సంఘాలు కూడా చేరి మండలం విస్తరించింది. 1945 జనవరి 1న వారు ప్రభువు పిలుపు అందుకొనే నాటికి మండలంలో విశ్వాసులు 2 లక్షలకు పైబడ్డారు. అందుకు పల్లె పంతుళ్ల పనే పునాది.

మన లోటు కూడా చెప్పుకోవాలి. 1919లో ఎ. జి. ఫ్రేజర్ అధ్యక్షతన ఒక కమిషన్ భారతదేశంలో మిషన్ల పల్లెబడులను పరిశీలించి 1920లో నివేదిక ప్రచురించింది. మన దేశస్థుడైన కె. టి. పాల్‌గారు అందులో సభ్యులు. పిల్లలు ఒకటి రెండేళ్లకే బడి మానేసి, నేర్చిన అక్షరం మరచిపోతున్నారనీ, పంతులుకు మంచి శిక్షణ లేనిదే బడి నిలవదనీ ఆ పరిశీలన తేల్చింది. పంజాబులోని మోగా శిక్షణ పాఠశాల ఆ దిశలో పేరు తెచ్చుకుంది. అక్కడ పల్లె పంతుళ్ల కోసమే ఒక పత్రిక నడిపారు. కంఠస్థం మీద ఎక్కువగా ఆధారపడిన మన బడులకు కూడా ఆ విమర్శ తగులుతుంది.

పాఠం సర్కారు చేతికి

1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఊరూరా సర్కారు బడులు వచ్చాయి. ఇది మన ప్రార్థనలకు ఫలమే. పంతులుకు సర్టిఫికెట్టు, స్కేలు, పింఛను వచ్చాయి. అయితే సర్టిఫికెట్టు చేతికొచ్చాక చదువు ముగిసిందన్న భావన కూడా వెంట వచ్చింది.

దానిని సరిదిద్దే ప్రయత్నాలు సర్కారు కూడా చేసింది. 1964-66 నాటి కొఠారి కమిషన్ దగ్గరి బడులను ఒక సముదాయంగా కలిపి, ఉపాధ్యాయులు ఒకరినుండి ఒకరు నేర్చుకోవాలని సూచించింది. 1986 జాతీయ విద్యావిధానం ఫలితంగా జిల్లాకొక శిక్షణ సంస్థ ఏర్పడింది. వరంగల్ జిల్లాకు హనుమకొండలోని డైట్ అలా వచ్చినదే. 1980 దశకంలో బ్రిటిష్ సహాయంతో ప్రయోగంగా మొదలై 1989 నుండి రాష్ట్రమంతటా నడిచిన ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలను ఏర్పరచింది. పిల్లలు చేసి నేర్చుకోవాలి, ఊరి పరిసరాలే పాఠ్యపరికరాలు కావాలి, పిల్లల పనిని తరగతి గోడల మీద ప్రదర్శించాలి అన్నవి దాని సూత్రాలు. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం రాష్ట్రంలో మొదలైన 5 జిల్లాలలో వరంగల్, కరీంనగర్ రెండూ ఉన్నాయి. నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 2016లో ఎక్కువ భాగం ఆ పాత జిల్లాలనుండే ఏర్పడ్డాయి.

ఉపాధ్యాయ కేంద్రం అంటే ఏమిటి? చుట్టుపక్కల బడుల పంతుళ్లు ఒకచోట చేరడం, ఒకరు పాఠం చెప్పగా మిగిలినవారు చూడడం, చిక్కులు చర్చించుకోవడం. మన తాతల నెల కూటం కూడా అదే కదా!

నేటి కొరత

2017లో దీక్ష, 2019లో నిష్ఠ పేర్లతో కేంద్ర ప్రభుత్వ శిక్షణలు వచ్చాయి. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు తన వృత్తిలో కొత్తగా నేర్చుకోవాలని ఆశిస్తుంది. కాగితం మీద అవకాశాలకు కొదువ లేదు. అయితే సర్కారు ఏర్పాటు చేసే శిక్షణలు ముఖ్యంగా సర్కారు ఉపాధ్యాయులను ఉద్దేశించినవి. చిన్న ప్రైవేటు బడుల్లో, సంఘాల బడుల్లో తక్కువ జీతానికి పనిచేసేవారికి అవి అందడం కష్టం. భూపాలపల్లి బొగ్గుగనుల ప్రాంతంలోనో, గార్ల, బయ్యారం అడవి పల్లెల్లోనో ఉన్న టీచరుకు హనుమకొండ వెళ్లిరావాలంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ రెండూ పోయినట్లే. వెళ్లినందుకు జీతం కోసిన బడి కూడా మాకు తెలుసు. మాలో ఒకరికే ఆ అనుభవం. సెల్‌ఫోనులో పాఠం వినవచ్చునంటారు. వినవచ్చు గాని, మన పాఠంలోని తప్పును పక్కన కూర్చొని ప్రేమగా దిద్దే తోటి పంతులు సెల్‌ఫోనులో దొరకరు.

జనగామ దగ్గరి పెంబర్తి కంసాలి ఇత్తడి రేకు మీద పూలు చెక్కడం గురువు పక్కన కూర్చొని నేర్చుకుంటాడు. సుత్తి దెబ్బ ఎంత బరువుగా పడాలో మాటల్లో చెబితే తెలియదు. పాఠం చెప్పడమూ అటువంటి పనే.

కనుక సంఘ పెద్దలకు మా మనవి ఇది. ప్రతి సెంటరులో నెలకొక శనివారం గుడి వరండాను ఉపాధ్యాయులకు తెరిపించండి. సర్కారు బడివారు, సంఘం బడివారు, ఏ మతంవారైనా రావచ్చు. విశ్రాంత ఉపాధ్యాయులు ప్రతి పాస్టరేటులోనూ ఉన్నారు. వారి అనుభవం వృథా కాకూడదు. బస్సు ఛార్జీకీ, టీ నీళ్లకూ సంఘం కానుకలోనుండి కొంత కేటాయించండి. మన సంఘాల బడుల్లో శిక్షణకు వెళ్లిన రోజును పనిరోజుగా లెక్కించండి. ఇందుకు కొత్త భవనం అక్కరలేదు, విదేశీ నిధి అక్కరలేదు. తిరునెల్వేలి సంఘాలు తమ సొమ్ముతో మన ఊళ్లకు పంతుళ్లను పంపాయి. మన పంతుళ్లను మనం చదివించుకోలేమా?

పౌలు తిమోతికి అప్పగించిన బాధ్యత కూడా ఇదే: తాను విన్నదానిని నమ్మకమైనవారికి అందించాలి, వారు ఇంకొకరికి నేర్పగలవారు కావాలి. నాలుగు తరగతుల చదువుతో వచ్చి, నెలనెలా నేర్చుకుంటూ, మన తాతలకు అక్షరం పెట్టిన ఆ పేరులేని పంతుళ్ల కొరకు దేవునికి స్తోత్రం చెల్లిస్తున్నాము. వారి నెల కూటాన్ని తిరిగి నిలబెట్టే మనసు ప్రభువు మన సంఘాలకు అనుగ్రహించును గాక.