ఇన్‌కాగ్నిటోలో పని చేసినా ఆధార్ ఫైల్ మిగిలే ఉంటుంది

షాదీ ముబారక్ దరఖాస్తు, పిల్లల స్కాలర్‌షిప్ రెండూ తెలంగాణ ఈ-పాస్ వెబ్‌సైట్‌లోనే పెట్టాలి. ఇంట్లో కంప్యూటర్ లేని కుటుంబాలు ఈ పనులకు భద్రాచలం, ఖమ్మం ఇంటర్నెట్ సెంటర్లకే వెళ్తాయి. అక్కడ చాలామంది ‘ఇన్‌కాగ్నిటోలో చేశాం కదా, ఏమీ మిగలదులే’ అనుకుంటారు. అది సగమే నిజం.

క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండోలన్నీ మూసేస్తే చూసిన సైట్ల హిస్టరీ, కుకీలు, ఫారంలో టైప్ చేసినవి పోతాయి. డౌన్‌లోడ్ చేసిన ఫైల్ మాత్రం కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఈ-ఆధార్ ఫైల్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది నిజమే. కానీ అది పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే! పక్కనే పదో తరగతి మెమో స్కాన్ కాపీ కూడా ఉంటే ఇక ఆ తాళం ఉన్నా లేనట్టే. లేచే ముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనూ, రీసైకిల్ బిన్‌లోనూ ఫైల్ తీసేయించండి. పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని అడిగితే వద్దనండి. అవసరం లేని చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే చాలు.

మనం చూసే సైట్లకు, నెట్ ఇచ్చే కంపెనీకి ఇన్‌కాగ్నిటో ఏమీ దాచదు. దీనిమీదే 2020లో అమెరికాలో గూగుల్‌పై కేసు పడింది. 2024లో రాజీ కుదిరి, వందల కోట్ల బ్రౌజింగ్ రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. అప్పటిదాకా ఆ రికార్డులు దాని దగ్గరే ఉన్నాయన్నమాట.

ఇక అప్‌డేట్‌ల గోల. చర్ల, దుమ్ముగూడెం వైపు సిగ్నల్ సరిగా అందని ఊళ్లు ఇంకా ఉన్నాయి. రోజువారీ డేటాతో నెట్టుకొచ్చేవాళ్లకు, దరఖాస్తు మధ్యలో బ్రౌజర్ అప్‌డేట్ మొదలైతే చిరాకే. 2021లో క్రోమ్ కొత్త వెర్షన్ల గడువును ఆరు వారాల నుంచి నాలుగు వారాలకు తగ్గించారు. అలాగని పూర్తిగా ఆపేయడం మంచిది కాదు, భద్రతా లోపాలను సరిచేసేది ఆ అప్‌డేట్‌లే. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్‌కు వెళ్లి, ఆటో అప్‌డేట్‌ను వైఫై ఉన్నప్పుడే అని పెట్టుకోవచ్చు. ఇంట్లో వైఫై లేకపోతే టౌన్‌కు వచ్చిన రోజు చేత్తోనే చేసుకోవాలి.

పాత ఫోన్ల కష్టం వేరు. ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లకు క్రోమ్ 138 వెర్షనే ఆఖరు. 2025 ఆగస్టులో వచ్చిన 139కి కనీసం ఆండ్రాయిడ్ 10 ఉండాలి. విండోస్ 7 కంప్యూటర్లకైతే 2023లోనే 109తో ఆగిపోయింది. ఫోన్ బాగానే పనిచేస్తున్నా కొత్తది కొనాల్సి రావడం పేదింటికి అన్యాయమే. కొనేదాకా అలాంటి పాత ఫోన్‌లో బ్యాంకు పనులు పెట్టుకోకపోవడమే మేలు. సెంటర్‌లో కూడా విండోస్ 7 కంప్యూటర్ కనిపిస్తే వేరేది అడగండి.