కంపెనీ వారు

తెలుగులో సంస్థ పేరు ఒంటరిగా ఉంటే అమహద్వాచకం. బ్యాంకు మూతపడింది, కంపెనీ నష్టపోయింది, కోర్టు చెప్పింది. పక్కన 'వారు' చేరగానే క్రియ మారిపోతుంది: బ్యాంకు వారు నోటీసు పంపారు, కంపెనీ వారు జీతాలు ఆపారు, కరెంటు వాళ్లు ఫ్యూజు పీకేశారు. మన గుమ్మం దాకా వచ్చే పనుల దగ్గర నోట సహజంగా పలికేది ఈ రెండోదే. ఆ 'వారు'లో మర్యాద ఉంది, బహువచనం ఉంది, పని చేసింది మనుషులేనన్న ఎరుక కూడా ఉంది.

వాడుక పాతదే. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కారులను చేజిక్కించుకున్న ఈస్టిండియా కంపెనీ మనవాళ్ల నోట 'కుంఫిణీ' అయింది. ఎక్కడో లండన్‌లోని వాటాదారుల సంఘం ఇక్కడ శిస్తు వసూలు చేస్తుంటే దాన్నేమనాలో తెలియక మన భాష తడబడలేదు. సర్కారు వారి సరసన కుంఫిణీ వారినీ చేర్చింది.

చట్టం మాత్రం 'వారు'ను పక్కన పెట్టి 'అది'నే మనిషిని చేసింది. 1896లో బ్రిటన్ ప్రభువుల సభ తేల్చిన సాలమన్ కేసు దీనికి ఆధారం. బూట్ల వ్యాపారి సాలమన్ తన వ్యాపారాన్ని తానే పెట్టిన కంపెనీకి అమ్మాడు. 20,007 వాటాల్లో 20,001 ఆయనవే, మిగతా ఆరు భార్యాబిడ్డలవి. కంపెనీ దివాలా తీస్తే దాని అప్పులు ఆయన అప్పులు కావన్నారు న్యాయమూర్తులు. మరుసటి ఏడు మన దేశంలో వచ్చిన జనరల్ క్లాజెస్ చట్టం 'వ్యక్తి' అన్న మాటలో కంపెనీని కూడా చేర్చేసింది.

వ్యక్తి అయినంత మాత్రాన పౌరుడైపోదు. ఆ గీత గీసిన కేసులో మన విశాఖపట్నం పేరుంది. అక్కడి వాణిజ్య పన్నుల అధికారి వేసిన అమ్మకపు పన్ను మీద స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ సుప్రీంకోర్టుకెక్కి, పౌరులకున్న ప్రాథమిక హక్కు తనకూ ఉందంది. దాని వాటాలన్నీ రాష్ట్రపతి పేరిట, కేంద్ర కార్యదర్శుల పేరిట ఉన్నాయి. కంపెనీ అన్న ముసుగు తీసి చూడండి, లోపలున్నది ఎవరో తెలుస్తుందన్నది వాదన. 1963లో మెజారిటీ న్యాయమూర్తులు ఒప్పుకోలేదు: 19వ అధికరణం పౌరులకే, కంపెనీ పౌరుడు కాదు. హక్కు అడగాల్సి వచ్చినప్పుడు 'అది' తన వెనకున్న 'వారి'ని చూపించుకుంది. అప్పులవాళ్లు తలుపు తట్టినప్పుడేమో 'వారు' పోయి 'అది' వెనక దాక్కుంటారు. నాకు బాధ కలిగించేది ఈ రాకపోకలే.

'స్వామివారు'లో ఉన్న 'వారు' వేరు. అక్కడ బహువచనం లేదు, ఒక్కరికిచ్చే గౌరవమే ఉంది. చట్టం కూడా ఆ ఒక్కరినే గుర్తిస్తుంది. ప్రతిష్ఠించిన దేవుడికి ఆస్తి ఉంటుంది, దావా వేసే హక్కు ఉంటుంది. మధ్యప్రదేశ్ పూజారుల కేసులో 2021లో సుప్రీంకోర్టు, గుడి భూముల రికార్డులో యజమాని గడిలో ఉండాల్సింది దేవుడి పేరేనని, పూజారి పేరు అక్కర్లేదని చెప్పింది. స్వామివారి మాన్యానికీ దాన్ని చూసుకునే దేవస్థానం వారికీ మధ్య ఉన్న తేడా పల్లెలో ఎవరినడిగినా చెబుతారు.

చిట్టీల కంపెనీ రాత్రికి రాత్రి మాయమైతే పేపర్లో శీర్షిక 'బోర్డు తిప్పేసిన కంపెనీ' అని వస్తుంది. తాళం వేసిన షట్టరు ముందు పాస్‌బుక్కు పట్టుకుని నిలబడ్డ మనిషి అలా అనడు. 'బోర్డు తిప్పేశారయ్యా' అంటాడు. కూతురి పెళ్లికని దాచుకున్న సొమ్ము పోగొట్టుకున్నవాడికి కావలసింది ఆ క్రియకు కర్త. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన డిపాజిటర్ల రక్షణ చట్టం ఈ వాడుకకు దగ్గరగా నడిచింది: సంస్థకు జరిమానా, దాన్ని నడిపినవాళ్లకు జైలు. చెక్కు బౌన్సు కేసులకు వర్తించే చట్టంలోని 141వ సెక్షన్ కింద కూడా కంపెనీతో పాటు దాని వ్యవహారాలకు బాధ్యులైనవాళ్లు దోషులవుతారు. కంపెనీని కటకటాల వెనక్కి పంపడం ఎటూ కుదరని పని.

వార్త రాసేవాళ్లను నేను కోరేది ఒక్కటే. కంపెనీ పేరు రాశాక దాని డైరెక్టర్లెవరో కూడా రాయండి. ఆ పేర్లు రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ దగ్గర ఎవరైనా చూసుకునేలా ఉంటాయి.