విచారణకు నిలిచిన పాట

సినిమా పాటను కథకు పెట్టిన నగగా చూడటం విమర్శకు పాత అలవాటు. కాని పాటే ముద్దాయిగా నిలబడిన చిత్రం ఒకటుంది. సోవియట్ లాత్వియాలో, రీగా స్టూడియోలో 1967లో తయారైన 'నాలుగు తెల్ల చొక్కాలు' అది. దర్శకుడు రోలాండ్స్ కల్నిన్ష్. సంగీతం ఇమంట్స్ కల్నిన్ష్.

ఇమంట్స్ 1941లో రీగాలో జన్మించాడు. అక్కడి కన్సర్వేటరీలో ఆడోల్ఫ్స్ స్కుల్తే దగ్గర స్వరరచన అభ్యసించి 1964లో పట్టం పుచ్చుకున్నాడు. సింఫనీలు రాసిన చేతితోనే గిటార్లతో, డ్రమ్ములతో యువకులు పాడుకునే బీట్ పాటలూ కట్టాడు. ఈ రెండింటి మధ్య గోడ ఉండాలని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు. ఆయన ప్రతిభకు మూలం అక్కడే ఉంది, ఆయన చిక్కులకు మూలమూ అక్కడే ఉంది.

గునార్స్ ప్రియెడె నాటకం ఆధారంగా అల్లిన ఈ చిత్రకథ సామాన్యమైనదే. నాయకుడు త్సేజర్స్ పగలు టెలిఫోన్లు బాగుచేసే కార్మికుడు. సాయంత్రాలు తన బృందానికి పాటలు కడతాడు. ఆ పాటలు యువతరానికి తగవని ఒక సాంస్కృతిక కార్యకర్త అభ్యంతరం లేవదీస్తుంది. ఆ మాట అధికారుల బల్ల మీదికి చేరి విచారణగా పెరుగుతుంది.

ఇక్కడ స్వరకర్త మీద పడిన బరువును గమనించాలి. పాట పేలవంగా ఉంటే ప్రేక్షకుడు విచారణాధికారుల పక్షాన చేరతాడు, చిత్రం కూలిపోతుంది. పాట తన నిర్దోషిత్వాన్ని తానే రుజువు చేసుకోవాలి. కవి మారిస్ చక్లైస్ మాటలకు ఇమంట్స్ కూర్చిన బాణీలు ఆ పని చేశాయి. వాటిలో నినాదం లేదు, తిరుగుబాటు ఆర్భాటమూ లేదు. బతుకును తన గొంతుతో చెప్పుకోవాలనే పడుచుదనపు ఆరాటం ఉంది.

అయితే తెర మీది విచారణ తెర బయటా జరిగింది. చిత్రాన్ని అటకెక్కించారు. అది జనం ముందుకు రావడానికి 1986 దాకా ఆగవలసి వచ్చింది. 2018లో కాన్ ఉత్సవం పాత చిత్రాల విభాగంలో దాన్ని ప్రదర్శించింది. పాటలు మాత్రం అన్నేళ్లు ఆగలేదు. చిత్రం చూడని జనం నోట అవి ఆడాయి.

1973లో గునార్స్ పియెసిస్ దర్శకత్వంలో రైనిస్ నాటకం 'వీచు, చిరుగాలీ' తెరకెక్కినప్పుడు, ఇమంట్స్ జానపద జీవితానికి సంగీతం కూర్చాడు. ఆ ఏటిదే ఆయన నాలుగవ సింఫనీ. రాక్ సంగీతపు లయను వాద్యబృందానికి ఎక్కించిన ఆ రచన చివరి భాగంలో అమెరికన్ కవయిత్రి కెల్లీ చెర్రీ మాటలుండేవి. వాటికి అనుమతి రాలేదు. గొంతుల స్థానాన్ని వాద్యాలు ఆక్రమించాయి. మాటను కొట్టివేసిన కత్తెరకు లయ మాత్రం అందలేదు.

ప్రజల పేరుతో పాటకు తీర్పు చెప్పినవారు ప్రజలు దాన్ని వినేదాకా ఆగలేదు. సోషలిస్టు వ్యవస్థలో జరిగింది కనుక ఇది మనకు మరింత బాధాకరం. ఇది ప్రజలకు పనికిరాదని కలం ఎత్తే ప్రతి విమర్శకుడూ ఆ విచారణ బల్ల దగ్గర తన కుర్చీ ఎటువైపు ఉందో చూసుకోవాలి.